పాత టెక్నిక్స్ టర్న్‌టేబుల్ బాగుచేయించాలా, కొత్తది కొనాలా? ముందు మూడు చోట్ల పరీక్షించండి

మీరు రాసినదాన్ని బట్టి పరిస్థితి ఇది. నాన్నగారు 1981లో సౌదీ నుంచి తెచ్చిన టెక్నిక్స్ ఎస్‌ఎల్-డి2 టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్) ఏళ్ల తరబడి విజయవాడ ఇంట్లో అటక మీద ఉంది. ఇప్పుడు దింపి ఆన్ చేస్తే తిరుగుతోంది కానీ స్పీడు నిలకడగా లేదు, కుడివైపు శబ్దం వచ్చీ పోతూ ఉంది. ఎనభై దాకా ఎల్పీలు, కొన్ని ఈపీలు, డజను 78 రికార్డులు (నిమిషానికి 78 సార్లు తిరిగే పాత లక్క రికార్డులు) ఉన్నాయి. బడ్జెట్ 40 వేలు. ఈ డబ్బు పెట్టి ఆడియో-టెక్నికా ఎల్‌పి120ఎక్స్ అనే కొత్త టర్న్‌టేబుల్ కొనాలా, లేక దీన్నే బాగుచేయించి మంచి కార్ట్రిడ్జ్ (ముల్లు కదలికను విద్యుత్ సిగ్నల్‌గా మార్చే భాగం) పెట్టించాలా అన్నది మీ ప్రశ్న.

ఇప్పుడే కొత్తది కొనకండి. మీరు చెప్పిన రెండు జబ్బులూ ఈ తరం టెక్నిక్స్‌లో మామూలుగా వచ్చేవే. చాలాసార్లు మురికి వదిలించడంతోనే పోతాయి. అలాగని "పాతదే బంగారం" అని కళ్లు మూసుకుని ఖర్చు పెట్టమనీ అనను. టర్న్‌టేబుల్‌లో ముల్లు, కార్ట్రిడ్జ్, హెడ్‌షెల్ (కార్ట్రిడ్జ్ బిగించే తొడుగు), సిగ్నల్ వైర్లు, కెపాసిటర్లు, మ్యాటు, రబ్బరు కాళ్లు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. మార్చడం కష్టమైనవి మూడే: ప్లాటర్ (రికార్డు పెట్టే పళ్లెం) తిరిగే బేరింగ్, మోటారును నడిపే ఎలక్ట్రానిక్స్, టోన్ ఆర్మ్ (ముల్లును మోసే చెయ్యి) బేరింగులు. ఈ మూడూ బాగుంటే మీ సెట్ ఉంచుకోదగ్గది. ఒక్కటి పాడైనా కొత్తదాని వైపు చూడటమే మంచిది. మిగతా లోపాలు ఎన్ని ఉన్నా నిర్ణయం వాటిని బట్టి తీసుకోకండి.

అన్నిటికన్నా ముందు వోల్టేజీ చూడండి. సౌదీలో అప్పట్లో చాలాచోట్ల 127 వోల్టులు, 60 హెర్ట్జ్ కరెంటు ఉండేది. అక్కడ అమ్మిన సెట్లలో చాలావాటికి వెనకో అడుగునో వోల్టేజ్ సెలెక్టర్ ఉంటుంది. అది 220 లేదా 240 మీద ఉందో లేదో చూసుకోండి. సెలెక్టర్ లేకపోతే రేటింగ్ ప్లేటు మీద ఎంత రాసి ఉందో చదవండి. 110 లేదా 120 మాత్రమే రాసి ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ప్లగ్గు పెట్టొద్దు. మీరు ఇప్పటికే ఆన్ చేసి చూశారు కాబట్టి బహుశా సరైన సెట్టింగులోనే ఉంది, అయినా కళ్లతో చూసి రూఢి చేసుకోండి. ఇన్నేళ్లు వాడని సెట్‌ను మొదటిసారి ఎక్కువసేపు నడిపేటప్పుడు ఎలక్ట్రీషియన్ చేత 40 వాట్ల ఫిలమెంట్ బల్బు సీరీస్‌లో పెట్టించి ఆన్ చేయించడం మంచిది. టర్న్‌టేబుల్ తీసుకునే కరెంటు చాలా తక్కువ కాబట్టి బల్బు వెలగకూడదు. నిండుగా వెలిగితే లోపల షార్ట్ ఉన్నట్టే, వెంటనే ఆపేయాలి.

ఇక్కడే అమెరికా నుంచి సామాను తెచ్చుకునేవాళ్లకు ఒక మాట. మీ ఎస్‌ఎల్-డి2 లాంటి డైరెక్ట్ డ్రైవ్ సెట్లలో (మోటారే నేరుగా ప్లాటర్‌ను తిప్పేవి) మోటారు వేగాన్ని లోపలి సర్క్యూట్ నిర్ణయిస్తుంది, అందుకే వాటికి 50, 60 హెర్ట్జ్ తేడా పట్టదు. ఏసీ సింక్రనస్ మోటారు ఉన్న పాత బెల్టు సెట్లు, ఐడ్లర్ సెట్లు (రబ్బరు చక్రంతో ప్లాటర్‌ను తిప్పేవి) అలా కాదు. 60 హెర్ట్జ్ పుల్లీ ఉన్న సెట్ మన 50 హెర్ట్జ్ మీద ఆరోవంతు నెమ్మదిగా తిరుగుతుంది, అంటే 33⅓ బదులు 27.8. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీనే తగ్గిస్తుంది, ఫ్రీక్వెన్సీని ముట్టుకోదు. 50 హెర్ట్జ్ పుల్లీ దొరికితేనే ఆ సెట్ ఇక్కడికి తేవాలి.

ప్లాటర్ బేరింగ్

ప్లగ్గు తీసేయండి. మ్యాటు ఎత్తి, ప్లాటర్‌లో ఉన్న రంధ్రాల్లో వేళ్లు పెట్టి నిటారుగా పైకి లాగండి. ఈ తరహా సెట్లలో మోటారు అయస్కాంతం ప్లాటర్ అడుగునే ఉంటుంది. దానికి ఇనుప రజను, పిన్నులు అంటుకుని ఉంటే సెల్లో టేపుతో అద్ది తీసేయండి. ఆ ప్లాటర్‌ను అయస్కాంతం కిందకు ఉండేలా నేల మీద పెట్టకండి, దుమ్మంతా పట్టేస్తుంది.

ఇప్పుడు నడిమి ఇరుసు మొదట్లో, అంటే అది బేరింగ్‌లోకి దిగేచోట, పల్చని నూనె రెండు మూడు చుక్కలు వేయండి. టెక్నిక్స్ ఈ తరం సెట్ల మాన్యువళ్లలో 2000 గంటలకొకసారి వేయమని చెప్పిన మోతాదు కూడా అదే. టర్బైన్ ఆయిల్ రకం అయితే చాలా మంచిది, దొరక్కపోతే ఏ కలుపూ లేని కుట్టుమిషన్ నూనె. కొబ్బరి నూనె, గ్రీజు, తుప్పు వదిలించే స్ప్రేలు వద్దు. కొబ్బరి నూనె కొన్నాళ్లకు జిగురవుతుంది. స్ప్రే అయితే ఉన్న నూనెను కూడా కడిగేసి తను ఆవిరైపోతుంది. నూనె ఎక్కువ పోసినా నష్టమే, పొర్లి సర్క్యూట్ బోర్డు మీద పడుతుంది.

ప్లాటర్ మళ్లీ పెట్టి, కరెంటు లేకుండానే చేత్తో ఒక్కసారి తిప్పి వదలండి. నిశ్శబ్దంగా తిరిగి తిరిగి మెల్లగా ఆగాలి. గరగర, రాపిడి, ఒకేచోట పట్టేసినట్టు ఆగడం ఉండకూడదు. తర్వాత ప్లాటర్ అంచును ఎదురెదురుగా రెండు వైపులా పట్టుకుని మెల్లగా ఊపండి. టకటకమని ఆట తెలిస్తే బేరింగ్ అరిగింది. ఇంట్లో పాటలు విన్న సెట్లలో ఇది అరుదు. అలా అరిగితే మాత్రం బాగుచేయించడానికి ప్రయత్నించొద్దు.

స్పీడు, దాని వెనకున్న ఎలక్ట్రానిక్స్

మీ సెట్‌లో స్పీడు ఊగడానికి మొదటి అనుమానం పిచ్ కంట్రోల్ నాబులు (స్పీడును కొద్దిగా సర్దేవి), 33-45 స్పీడు స్విచ్చి. ఏళ్ల తరబడి కదలక లోపలి కార్బన్ ట్రాకు మీద, స్విచ్చి కాంటాక్టుల మీద పొర పడుతుంది. బీచికి దగ్గర్లో ఉన్న ఊళ్లలో, వైజాగ్, కాకినాడ వైపు ఇది మరీ ఎక్కువ. ప్లగ్గు తీసి, ఎలక్ట్రానిక్స్ దుకాణంలో దొరికే కాంటాక్ట్ క్లీనర్‌ను, ప్లాస్టిక్‌కు హాని చేయనిదని డబ్బా మీద రాసి ఉన్నదాన్నే, నాబు ఇరుసు పక్కనుంచి రెండు సెకన్లు కొట్టండి. ఆ కొసనుంచి ఈ కొసకు ముప్ఫై సార్లు తిప్పండి. స్విచ్చిని కూడా అన్నిసార్లు నొక్కండి. గంటసేపు ఆరనిచ్చి అప్పుడు ఆన్ చేయండి. పైనుంచి స్ప్రే లోపలికి చేరకపోతే అడుగు పలక విప్పాల్సి వస్తుంది. దానికి ముందు టోన్ ఆర్మ్ కట్టేసి, కౌంటర్‌వెయిట్ (టోన్ ఆర్మ్ వెనక కొసనున్న బరువు), ప్లాటర్, మూత తీసి, మెత్తటి దుప్పటి మీద బోర్లించాలి.

స్పీడు కొలవడానికి మీ సెట్‌లోనే సాధనం ఉంది. ప్లాటర్ అంచు మీద చుక్కల వరుసలు, పక్కన చిన్న నియాన్ దీపం ఉంటాయి. 50 అని గుర్తున్న వరుసలో 33కు సంబంధించిన చుక్కలు నిలిచి ఉన్నట్టు కనిపించాలి. దీపం పోయి ఉంటే స్ట్రోబ్ డిస్కు (స్పీడు చూసే గీతల చక్రం) ప్రింటు తీసుకోండి. 50 హెర్ట్జ్ కరెంటుకు 33⅓ స్పీడుకు 180 గీతలు, 45కు 133, 78కి 77 ఉన్న డిస్కు కావాలి. నెట్‌లో దొరికేవాటిలో చాలా మటుకు 60 హెర్ట్జ్‌వి, గీతలు లెక్కపెట్టి గానీ నమ్మకండి. దాన్ని ఎల్‌ఈడీ బల్బు కింద చూస్తే చాలాసార్లు ఏమీ తెలియదు, ఎందుకంటే అది కరెంటుతో పాటు మినుకుమనదు. చోక్ ఉన్న పాత ట్యూబులైటు కింద చూడాలి.

ఆన్ చేసి పదిహేను నిమిషాలు తిరగనిచ్చాక, ముల్లు రికార్డు మీద ఉండగా, పిచ్ నాబుతో చుక్కలు నిలిచేలా సర్దండి. ఆ తర్వాత అరగంట గమనించండి. సరైన స్పీడులో నిమిషానికి 6000 చుక్కలు దీపం ముందు నుంచి పోతాయి. నిమిషంలో 30 చుక్కలు ఒక పక్కకు జారితే తేడా 0.5 శాతం. అంతవరకూ చెవికి పెద్దగా తెలియదు. నెమ్మదిగా జారుతూ ఉండి నాబుతో సర్దితే నిలిచిపోయే పక్షంలో కెపాసిటర్లు ముసలివయ్యాయి. సర్క్యూట్లు తెలిసిన మెకానిక్ ఎవరైనా మార్చగలరు. విలువ అంతే ఉండాలి, వోల్టేజీ రేటింగు అంతే గానీ ఎక్కువ గానీ ఉండాలి, 105 డిగ్రీల రకం వేయమనండి. బోర్డు మీద పగిలిన టంకాలు ఉంటే అవి కూడా తిరిగి వేయించండి. వేడెక్కాక తప్పు కనిపించి చల్లారాక మాయమైతే ముందు టంకాన్నే అనుమానించాలి.

స్పీడు ఒక్కసారిగా ఎగిరి ఏ నాబుకూ లొంగకపోవడం, స్టార్ట్ నొక్కితే ముందుకూ వెనక్కూ వణకడం, చేత్తో తోస్తే గానీ తిరగకపోవడం వేరే సంగతి. ఇవన్నీ శుభ్రం చేసి, టంకాలు వేయించి, కెపాసిటర్లు మార్చాక కూడా మిగిలితే మోటారు ఐసీ (దాన్ని నడిపే చిప్) పోయిందనుకోవాలి. ఆ ఐసీలు ఇప్పుడు తయారు కావడం లేదు. పాత స్టాకు పేరుతో వచ్చేవాటిలో నకిలీలు ఉంటాయి. ఇక్కడ ఆగిపోండి.

టోన్ ఆర్మ్

దీన్ని చాలామంది చూడరు, శబ్దాన్ని పాడుచేసేవాటిలో ముల్లు తర్వాత ఇదే. ఆంటీ-స్కేటింగ్ (చెయ్యి రికార్డు నడిమి వైపు లాగుకుపోకుండా ఆపే నాబు) సున్నా మీద పెట్టండి. కౌంటర్‌వెయిట్ తిప్పుతూ చెయ్యి పైకీ కిందకీ పోకుండా గాలిలో సమంగా తేలేలా చేయండి. 75 జీఎస్ఎం జెరాక్స్ కాగితంలోంచి రెండు సెంటీమీటర్ల చదరపు ముక్క కత్తిరించండి. దాని బరువు సుమారు 30 మిల్లీగ్రాములు. ఫ్యాను ఆపి, ఆ ముక్కను హెడ్‌షెల్ మీద పెట్టండి. చెయ్యి వెంటనే మెల్లగా కిందకు దిగాలి. ముక్క తీయగానే ఎక్కడ పట్టినట్టూ లేకుండా మళ్లీ తేలాలి. ఈ 30 మిల్లీగ్రాములకు కదలకపోతే నిలువు బేరింగ్ బిగుసుకుంది. అడ్డంగా చూడటానికి అలాగే తేలుతున్న చేతిని నోటితో మెల్లగా ఊదండి. లోపలి వరకూ జారుకుంటూ పోవాలి, ఒకచోట ఆగి మళ్లీ కదలకూడదు.

అడ్డంగా ఆగుతుంటే వెంటనే బేరింగ్ మీద నింద వేయకండి. మీ సెట్ సెమీ ఆటోమేటిక్. పాట అయ్యాక చేతిని వెనక్కు తెచ్చే యంత్రాంగంలోని గ్రీజు నలభై ఏళ్లలో మైనంలా గట్టిపడుతుంది. అడుగు పలక విప్పి పాత గ్రీజును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పళ్ల చక్రాలు జారేచోట తెల్ల లిథియం గ్రీజు పల్చగా రాస్తే చాలావరకు పోతుంది. చివరగా హెడ్‌షెల్‌ను రెండు వేళ్లతో పట్టుకుని ఇటూ అటూ అతి మెల్లగా కదిలించండి. బేరింగ్ దగ్గర టిక్కుమని తగిలితే ఆట ఉంది. బేరింగ్ స్క్రూలను స్క్రూడ్రైవరుతో బిగించబోయి టోన్ ఆర్మ్‌లు పాడుచేసినవాళ్లు చాలామంది, మీరు దాని జోలికి పోకండి.

కుడి ఛానల్ వచ్చిపోవడం ఈ మూడింటితో సంబంధం లేని చిన్న జబ్బు. ముందు ఎక్కడుందో పట్టుకోండి. యాంప్లిఫయర్ వెనక ఎరుపు, తెలుపు ప్లగ్గులు తారుమారు చేయండి. శబ్దం ఇప్పుడు ఎడమవైపు పోతుంటే లోపం టర్న్‌టేబుల్‌లో ఉంది. అప్పటికీ కుడివైపే పోతుంటే మీ యాంప్లిఫయర్‌లోనో స్పీకరులోనో ఉంది, టర్న్‌టేబుల్‌ను విప్పక్కర్లేదు. టర్న్‌టేబుల్‌లోనే అని తేలితే హెడ్‌షెల్ విప్పి దాని వెనకున్న నాలుగు పిన్నులను మెత్తటి పెన్సిల్ రబ్బరుతో రుద్ది, ఆల్కహాల్ అద్దిన బడ్స్‌తో తుడవండి. టోన్ ఆర్మ్ లోపలున్న నాలుగు కాంటాక్టులను కూడా తుడవండి, అవి స్ప్రింగు మీద లోపలికి నొక్కుకుపోయి ఉంటే కొంచెం ఒత్తి వదిలితే పైకి వస్తాయి. తర్వాత కార్ట్రిడ్జ్ వెనకున్న సన్నని వైర్లు: తెలుపు ఎడమ ప్లస్, నీలం ఎడమ మైనస్, ఎరుపు కుడి ప్లస్, ఆకుపచ్చ కుడి మైనస్. వాటిని పట్టకారుతో ఒక్కొక్కటే తీసి మళ్లీ తొడగండి. వైరు పట్టుకుని లాగితే క్లిప్పు దగ్గర తెగుతుంది, క్లిప్పునే పట్టుకోవాలి. ఈ మూడు పనులకూ లొంగకపోతే ప్లగ్గు దగ్గర వైరు లోపల తెగి ఉంటుంది. రెండు కొత్త ఆర్‌సీఏ ప్లగ్గులు టంకం వేయిస్తే సరిపోతుంది.

పరీక్షలు నెగ్గితే డబ్బు ఎక్కడ పెట్టాలి

పాత ముల్లు ఎంత బాగా కనిపించినా పారేయండి. వజ్రం అరగకపోయినా దాన్ని పట్టుకుని ఉండే రబ్బరు గట్టిపడి ఉంటుంది. అప్పుడు ముల్లు గాడి మలుపులను అనుసరించలేక గోడలను కోస్తుంది, రికార్డు శాశ్వతంగా పాడవుతుంది. "సీలు తీయని పాత స్టాకు ఒరిజినల్ ముల్లు" అని అమ్మేవాటికీ ఇదే సమస్య, డబ్బాలో ఉన్నా రబ్బరు వయసు ఆగదు.

కొత్త కార్ట్రిడ్జ్‌గా ఆడియో-టెక్నికా వీఎం95ఈ సూచిస్తాను. కారణం ఒక్కటే: ఒకే బాడీకి ఆరు రకాల ముళ్లు మార్చుకోవచ్చు. అందులో 78 రికార్డుల ముల్లు కూడా ఉంది. బరువు 6.1 గ్రాములు, ముల్లు భారం (రికార్డు మీద ముల్లు మోపే బరువు) 2 గ్రాములు. మీ టోన్ ఆర్మ్‌కు నప్పుతుందా అన్నది లెక్కతో చూసుకోవచ్చు. టోన్ ఆర్మ్ ఎఫెక్టివ్ మాస్ (కదిలేటప్పుడు ముల్లు దగ్గర తెలిసే బరువు) సుమారు 12 గ్రాములు, కార్ట్రిడ్జ్ 6.1, స్క్రూలు దాదాపు 1, మొత్తం 19. కంపెనీ 100 హెర్ట్జ్ దగ్గర ఇచ్చే కంప్లయన్స్ (ముల్లు ఎంత సులువుగా కదులుతుందో చెప్పే అంకె) 7. దాన్ని 10 హెర్ట్జ్‌కు మార్చడానికి 1.7తో గుణించడం వాడుక, 12 వస్తుంది. 19ని 12తో గుణించి వర్గమూలం తీస్తే 15.1. 159ని దానితో భాగిస్తే చెయ్యి, కార్ట్రిడ్జ్ కలిసి సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ వస్తుంది, 10.5 హెర్ట్జ్. 8 నుంచి 12 మధ్య ఉండాలి కాబట్టి జోడీ బాగుంది. ఇంతకన్నా కిందకు పోతే వంకర రికార్డుల మీద చెయ్యి ఊగుతుంది, పైకి పోతే పాటలోని లోతైన శబ్దాలకే చెయ్యి స్పందిస్తుంది.

ఈ కంపెనీ చెప్పే ఆయుర్దాయాలు గుర్తుంచుకోండి: గుండ్రని ముల్లు 500 గంటలు, వీఎం95ఈలో ఉండే ఎలిప్టికల్ (దీర్ఘవృత్తాకారపు కొన) 300, గాడికి మరింత దగ్గరగా ఆనే షిబాటా 800, మైక్రోలినియర్ 1000. ఎలిప్టికల్ 300 గంటలంటే 45 నిమిషాల ఎల్పీ నాలుగు వందల సార్లు. మీ ఎనభై ఎల్పీలు తలా ఐదుసార్లు విన్నాక ముల్లు మార్చే సమయం. మైక్రోలినియర్ ముల్లు రెండున్నర, మూడు రెట్ల ఖరీదు, కానీ ఆయుష్షు కూడా మూడు రెట్లకు పైనే. పైగా రికార్డు చివరి పాటల్లో స, ష అక్షరాల దగ్గర వచ్చే చీలిక బాగా తగ్గిస్తుంది. మొదట ఎలిప్టికల్‌తో మొదలుపెట్టి, అది అరిగాక మైక్రోలినియర్ ముల్లు తొడగండి. బాడీ అదే.

బిగించేటప్పుడు అలైన్‌మెంట్ కాగితం (కార్ట్రిడ్జ్ కోణం సరిచూసే గీతల కాగితం) 100 శాతం సైజులోనే ప్రింటు తీయండి, స్కేలుతో కొలిచి చూడండి. బేర్‌వాల్డ్ పద్ధతిలో నడిమి నుంచి 66.0, 120.9 మిల్లీమీటర్ల దగ్గర, రెండు చోట్లా కార్ట్రిడ్జ్ గీతలకు సమాంతరంగా ఉండాలి. ఒక చోట సరిపోయి రెండో చోట తప్పితే కార్ట్రిడ్జ్‌ను హెడ్‌షెల్‌లో ముందుకో వెనక్కో జరపాలి, ఊరికే తిప్పితే కుదరదు. భారాన్ని కౌంటర్‌వెయిట్ మీది అంకెలతో కాక 0.01 గ్రాము తూచే చిన్న డిజిటల్ త్రాసుతో చూడండి. 2 గ్రాముల దగ్గర పెట్టండి. భయపడి 1.5కు తగ్గించకండి, తక్కువ భారంతో ముల్లు గాడిలో ఎగిరెగిరి పడి ఎక్కువ నష్టం చేస్తుంది. ఆంటీ-స్కేటింగ్ కూడా 2 దగ్గర మొదలుపెట్టి, చివరి పాటల్లో కుడివైపే చీలిక వినిపిస్తే కొంచెం పెంచండి.

మీ యాంప్లిఫయర్‌కు ఫోనో ఇన్‌పుట్ (టర్న్‌టేబుల్ కోసం ఉండే ప్రత్యేక సాకెట్) ఉందా అన్నది మీరు రాయలేదు. లేకపోతే మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్‌కు 47 కిలో ఓమ్‌ల ఫోనో ప్రీయాంప్ (సన్నని సిగ్నల్‌ను పెంచి సరిచేసేది) తప్పనిసరి. అది లేకుండా మామూలు ఆక్స్ ఇన్‌పుట్‌లో పెడితే శబ్దం సన్నగా, బేస్ లేకుండా వినిపిస్తుంది. తయారీలో రికార్డు గాడి కోసేటప్పుడే 20 హెర్ట్జ్ శబ్దాన్ని 19 డెసిబెల్స్ దాకా తగ్గించి, 20 కిలోహెర్ట్జ్‌ను దాదాపు అంతే పెంచి కోస్తారు, ప్రీయాంప్ దాన్ని తిరగేస్తుంది. ఫోనో ఇన్‌పుట్ ఉన్నవాళ్లు దానికి తోడు ఇంకో ప్రీయాంప్ పెట్టకూడదు, శబ్దం చీలిపోతుంది. గ్రౌండ్ వైరును యాంప్లిఫయర్ వెనకున్న గ్రౌండ్ స్క్రూకు బిగించండి, గుయ్యిమనే హమ్ ఎక్కువగా దాన్ని వదిలేయడం వల్లే.

మీ 40 వేలల్లో రిపేరు, కార్ట్రిడ్జ్, ప్రీయాంప్ అన్నీ పోగా సగం దాకా మిగలాలి. రిపేరుకే, ముల్లు కాకుండా, కొత్త సెట్ ధరలో సగం అడిగితే ఒప్పుకోవద్దు. మిగిలిన దాంట్లో కొంత రికార్డులు కడగడానికి పెట్టండి. ఎల్పీలకు డిస్టిల్డ్ వాటర్, అందులో పదో వంతు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, లీటరుకు రెండు మూడు చుక్కలు సువాసన లేని డిష్‌వాష్ ద్రవం. గాడి వెంట మెత్తటి బ్రష్‌తో తుడిచి, చివర వట్టి డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి ఆరబెట్టండి. వానాకాలాల్లో పట్టిన బూజు ఒక్క కడుగుకు పోదు, రెండుసార్లు చేయాలి. లేబుల్‌కు తడి తగలనివ్వొద్దు. కొత్త ముల్లుతో మురికి రికార్డు వేస్తే ఆ మురికి అంతా వజ్రం కొసన గట్టిపడి కూర్చుంటుంది.

పరీక్షల్లో తప్పితే

అప్పుడు మీరనుకున్న ఎల్‌పి120ఎక్స్ సరైన ఎంపికే. డైరెక్ట్ డ్రైవ్, 33, 45, 78 మూడు స్పీడులు, లోపలే ప్రీయాంప్, వీఎం95ఈ కార్ట్రిడ్జ్‌తో వస్తుంది. యూఎస్‌బీ మోడలైతే కంప్యూటర్‌కు నేరుగా రికార్డు చేసుకోవచ్చు. శబ్దంలో మాత్రం బాగుపడిన ఎస్‌ఎల్-డి2కి అదే కార్ట్రిడ్జ్ పెడితే వచ్చేదానికన్నా పెద్ద తేడా ఆశించవద్దు. మీరు కొనేది 78 స్పీడు, వారంటీ, సౌకర్యం.

అదే ధరల్లో తటస్థించే రేగా ప్లానార్ 1 సంగీతం చక్కగా వినిపిస్తుంది. కానీ 78 లేదు, స్పీడు మార్చడానికి ప్లాటర్ ఎత్తి బెల్టును చేత్తో జరపాలి. మీ రికార్డులకు అది నప్పదు. ఆడియో-టెక్నికాలోనే చవకైన ఎల్‌పి60ఎక్స్ అయితే కార్ట్రిడ్జ్ మార్చడానికి వీలు లేదు, ముల్లు మాత్రమే మార్చుకోగలం, భారం సర్దలేం. ఆరోగ్యంగా ఉన్న ఎస్‌ఎల్-డి2ని అమ్మి దాన్ని కొనడమంటే వెనక్కి పోవడమే. వినగానే తెలిసేంత మెరుగు కావాలంటే టెక్నిక్స్ ఎస్‌ఎల్-1500సీ స్థాయికి వెళ్లాలి, అది మీ బడ్జెట్‌కు చాలా పైన.

ఈ ప్రశ్నే సూట్‌కేసు రకం పాత హెచ్‌ఎంవీ ప్లేయర్లున్నవాళ్లు కూడా అడుగుతుంటారు. వాళ్లకు వేరే సమాధానం. వాటిలో సెరామిక్ కార్ట్రిడ్జ్ ఉంటుంది, ముల్లు భారం 5 గ్రాముల పైనే, చెయ్యి బరువు, సర్దుకునే వీలు ఉండదు. దానికి మంచి మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్ బిగించాలని చూడకండి, చెయ్యి దాన్ని మోయలేదు, లోపలి యాంప్లిఫయర్‌కు ఆ సన్నని సిగ్నల్ చాలదు. కొత్త సెరామిక్ ముల్లు వేసి, ఐడ్లర్ రబ్బరు మార్చి, జ్ఞాపకంగా ఉంచుకోండి. ఎల్పీలు వినడానికి వేరే సెట్ కొనుక్కోండి.

మీ డజను 78ల సంగతి

ఇవి ఒక్కటే మీ నిర్ణయాన్ని అటూ ఇటూ చేయగలవు. ఎస్‌ఎల్-డి2లో 78 స్పీడు లేదు. మన దేశంలో 78 రికార్డులు 1960ల చివరి దాకా అమ్ముడయ్యాయి కాబట్టి పాత సినిమా పాటలు, పద్యాలు, హరికథలు చాలా ఇళ్లలో ఇలాగే మిగిలాయి. వాటిని రోజూ వినాలనుకుంటే ఎల్‌పి120ఎక్స్ వైపు మొగ్గడానికి అది తగిన కారణమే. ఒకసారి కంప్యూటర్‌లోకి ఎక్కించి దాచుకోవాలంటే దానికోసం కొత్త సెట్ అక్కర్లేదు. 45 స్పీడులో తిప్పి రికార్డు చేసి, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్పీడు మార్చే ఎఫెక్ట్‌కు వెళ్లి 45 నుంచి 78కి అని ఎంచుకోండి. వేగం 73.33 శాతం పెరుగుతుంది. ఫోనో ప్రీయాంప్ సవరణ తప్పు ఫ్రీక్వెన్సీల మీద పడి ఉంటుంది కాబట్టి తర్వాత ఈక్వలైజర్‌తో బేస్, ట్రెబుల్ చెవికి తగినట్టు సర్దుకోవాలి. రెండు ఛానళ్లను కలిపి మోనో చేయండి. 78లో పాట అడ్డు కదలికలోనే ఉంటుంది. నిలువు కదలిక వట్టి గరగర, ఛానళ్లు కలిపితే అది చాలావరకు రద్దవుతుంది.

ముల్లు మాత్రం తప్పక మార్చాలి. ఎల్పీ ముల్లు కొన 78 గాడిలో అడుగుకు దిగి, దశాబ్దాల మురికిని, పాత ఉక్కు ముళ్లు అరగదీసిన పొడిని గీకుతూ పోతుంది. 78కి 75 మైక్రాన్ల గుండ్రని కొన కావాలి, వీఎం95 బాడీకి ఎస్‌పీ అనే ముల్లు తొడిగితే సరిపోతుంది. దాని భారం 5 గ్రాములు. కౌంటర్‌వెయిట్ అంకెలు అక్కడిదాకా ఉండకపోవచ్చు, చుట్టు దాటి తిప్పుతూ త్రాసుతో చూసి పెట్టండి. పని అయ్యాక ముల్లుతో పాటు భారాన్ని కూడా మళ్లీ 2 గ్రాములకు తెచ్చి, తూచాకే ఎల్పీ వేయండి.

ఎల్పీలకు చెప్పిన కడుగుడు ద్రవం 78లకు వాడొద్దు. అవి లక్కతో చేసినవి, ఆల్కహాల్ తగిలితే లక్క కరుగుతుంది. డిస్టిల్డ్ వాటర్, ఒక చుక్క డిష్‌వాష్ ద్రవం చాలు. ఎక్కువసేపు నానబెట్టకుండా వెంటనే మెత్తటి గుడ్డతో అద్ది, నీడలో నిలబెట్టి ఆరనివ్వండి.